నల్లగొంగడి ఊళ్ళలో

గొంగళిపురుగును చూడని పిల్లలు ఉండరు. మునగచెట్టు మొదట్లో గుంపులు గుంపులుగా పాకుతుంది. ఒళ్ళంతా బొచ్చు, తగిలితే దద్దుర్లు. మరి దానికి ఆ పేరు ఎలా వచ్చిందో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? గొంగళి అంటే గొర్రెబొచ్చుతో నేసిన ముతక కంబళి. ఈ పురుగు చిన్న గొంగళి కప్పుకుని బయలుదేరినట్టు ఉంటుంది గనక దానికి ఆ పేరు వచ్చింది. తెలంగాణలో గొంగళిని గొంగడి అంటారు. చిత్రమేమిటంటే, ఇప్పుడు పురుగును చూసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గాని, అసలు గొంగడిని చూసిన పిల్లలు చాలా తక్కువ. అందుకని ఈ నెల మిమ్మల్ని అది పుట్టిన ఊళ్ళకు తీసుకుపోతాను, రండి.

హైదరాబాదు కాచిగూడ స్టేషనులో కర్నూలు వైపు పోయే రైలెక్కండి. జడ్చర్ల, మహబూబ్‌నగరు దాటిన తరువాత వనపర్తి రోడ్డు అనే స్టేషను వస్తుంది. పేరు చూసి అక్కడ వనపర్తి ఊరు ఉంటుందనుకుని దిగేరు! ఊరు అక్కడికి చాలా దూరం, మళ్ళీ బస్సెక్కాలి. రైలు ఇంకా ముందుకుపోయి కృష్ణానది దాటితే గద్వాల. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మొదట మహబూబ్‌నగరు జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాల ముఖ్యపట్టణాలయినాయి. అయినా ఇక్కడి వాళ్ళు ఆ సీమనంతటినీ కలిపి ఇప్పటికీ పాలమూరు అనే అంటారు.

గద్వాల అనగానే మీ అమ్మగారికి చీర గుర్తుకు వస్తుంది. ఆ చీరలో ఒక తమాషా ఉన్నది. నడుమ భాగమంతా నూలు. అంచులూ కొంగూ పట్టు. నూలు పోగులనూ పట్టు పోగులనూ మగ్గం మీదనే ఒకదానితో ఒకటి మెలిపెట్టి కలుపుతారు. కోటలోని చెన్నకేశవస్వామి గుడిని చూసి, వీధిలోకి వచ్చి ఏ చీరల కొట్టులో అడిగినా ఆ అతుకును చూపించి మరీ చెబుతారు. చీరను చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. అదే సీమలో మరొక బట్ట కూడా పుట్టింది. దానికి పట్టూ లేదు, జరీ లేదు. దాన్ని చూడటానికి ఎవరూ రారు. నేను వెళ్ళింది దాని కోసం.

వనపర్తిలో ఒకనాటి సంస్థానం రాజుగారి భవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. దాన్ని బయటి నుంచే చూసి, నాగర్‌కర్నూలు వైపు పోయే దారిలో ఒక పల్లెలో దిగాను. ఆ ఊరి బడిలో నా స్నేహితుడు పంతులు. అతను నన్ను ఒక కురుమవారి ఇంటికి తీసుకుపోయాడు. గొర్రెల పెంపకమూ గొంగళ్ళ నేతా కురుమలకు తరతరాలుగా వచ్చిన పని. కర్ణాటకలో వీరిని కురుబలు అంటారు. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు మైసూరు దేశం తిరుగుతూ, దారిలో కురుబలు కంబళ్ళు నెయ్యటం చూసి తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. కంబళి అనే మాటను అప్పటి ఇంగ్లీషువాళ్ళు ‘కంబ్లీ’ అని తమ భాషలోకి కూడా తీసుకున్నారు.

ఆ ఇంట్లో ఒక తాతా, అవ్వా, ఎనిమిదో తరగతి చదివే మనమడూ ఉన్నారు. పంతులు సంగతి చెప్పగానే తాత లోపలికి వెళ్ళి దండెం మీది నుంచి ఒక నల్లటి మూట తెచ్చి నా ఒడిలో పెట్టాడు. ఎంత బరువో! ఉజ్జాయింపుగా రెండున్నర కిలోలు ఉంటుంది. విప్పితే పొడుగాటి నల్లని కంబళి. ఇద్దరు మనుషులు పక్కపక్కన పడుకోవచ్చు. రెండు వైపులా సన్నని తెల్లచార. కొసలను పడుగు పోగులు కలిపి ముడులు వేశారు. చెయ్యి పెడితే గరగరలాడింది. వాసన చూస్తే పొగ, మేక, వాన, ఇంకా ఏదో.

“మా నాయన నేసిండు, నా పెండ్లికి,” అన్నాడు తాత. “మా లగ్గం దీని మీదనే అయింది.”

మీరు దుప్పటి కొనాలంటే అంగడికి పోతారు. ఈ గొంగడి తయారు కావటానికి అంగడి నుంచి తెచ్చినది ఒక్కటీ లేదు. ఎలాగో తాత చెప్పినట్టే చెబుతాను, వినండి.

మొదట కావలసింది నల్లగొర్రె. దీన్ని దక్కనీ గొర్రె అంటారు. వాన తక్కువ కురిసే ఈ రాళ్ళనేలల్లో దొరికిన గడ్డి తిని, రోజుకు ఎన్ని మైళ్ళయినా నడిచి బతకగలదు. ఏడాదికి రెండుసార్లు దాని బొచ్చు కత్తిరిస్తారు. కత్తిరించే ముందు మందనంతా చెరువులోకో వాగులోకో తోలి, ఒక్కొక్క గొర్రెనూ రుద్ది కడుగుతారు. ఒళ్ళు ఆరిన తరువాత కాళ్ళు కట్టి పడుకోబెట్టి పెద్ద కత్తెరతో కత్తిరిస్తారు. గొర్రెకు నొప్పి ఏమీ ఉండదు. మీరు క్షవరం చేయించుకోవటం లాంటిదే. కాకపోతే అదీ మీలాగే గింజుకుంటుంది.

ఒక గొర్రె ఒక్కసారికి ఇచ్చే బొచ్చు అరకిలో కూడా ఉండదు. అందులో దుమ్మూ, పల్లేరుకాయలూ, జిడ్డూ పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఆస్ట్రేలియాలోని మెరినో గొర్రె ఏడాదికి నాలుగైదు కిలోల ఉన్ని ఇస్తుంది. అది దూదిలాగా మెత్తగా ఉంటుంది. మన నల్లగొర్రె ఉన్నిపోగు దానికి రెండింతల మందం. మీరు లెక్కల్లో గట్టివాళ్ళయితే తాత గొంగడికి ఎన్ని గొర్రెలు బొచ్చు ఇచ్చి ఉంటాయో చెప్పండి చూద్దాం. పదికి తక్కువ వచ్చిందంటే మళ్ళీ వేసుకోండి.

బొచ్చును రంగుల వారీగా ఏరతారు. పిల్లగొర్రె మొదటి బొచ్చు అన్నిటికంటె మెత్తన. నల్లటిది గొంగడికి, తెల్లటిది అంచుల చారకు. రంగు వెయ్యనే వెయ్యరు. నలుపు గొర్రెదే. తరువాత వింటితో దూది ఏకినట్టు బొచ్చును ఏకుతారు. అప్పుడు ముద్దలుగా ఉన్నది పొగలాగా విచ్చుకుంటుంది. దాన్ని రాట్నం మీద ఆడవాళ్ళు వడుకుతారు. మంద వెంట తిరిగే మగవాళ్ళు నడుస్తూనే కదురు తిప్పి దారం తీసేవారట. గొర్రెలు మేస్తూ ఉంటాయి, దాని ఒంటి మీద నిన్న ఉన్న బొచ్చు కాపరి చేతిలో దారమవుతూ ఉంటుంది!

ఇప్పుడు వచ్చేది నాకు బాగా నచ్చిన ఘట్టం. నేతలో నిలువు పోగులను పడుగు అంటారు, అడ్డపోగులను పేక అంటారు. ఉన్నిదారం నూగు నూగుగా ఉంటుంది గనక పడుగు పోగులు ఒకదానినొకటి పట్టుకుని చిక్కుపడతాయి. అలా చిక్కుపడితే నెయ్యటం కుదరదు. అందుకని చింతగింజలు వేయించి, పొట్టు తీసి, విసిరి, నీళ్ళలో ఉడికించి జిగురులాంటి గంజి కాస్తారు. పడుగును ఇంటి ముందు గుంజల మధ్య బారుగా సాగదీసి, ఆ గంజి పట్టించి, పెద్ద కుంచెతో అటునుంచి ఇటు దువ్వుతారు. నూగంతా పడుకుంటుంది. దారానికి బలం వస్తుంది. ఎండలో ఆరిన తరువాత ఆ పడుగును మగ్గానికి ఎక్కిస్తారు. చింతపండుతో పులుసు మనమంతా చేసుకుంటాం, గింజలు పారేస్తాం. ఆ గింజలతో బట్టకు బలం తెచ్చిన మనిషి ఎవరోగాని చాలా తెలివైనవాడు.

మగ్గం గుంటమగ్గం. నేలలో గుంట తవ్వి, నేసేవాడు ఆ గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటాడు. కాళ్ళతో తొక్కుడుచెక్కలు తొక్కుతూ, చేతులతో పేక దారాన్ని అటూ ఇటూ పంపుతూ, ప్రతి పోగునూ బిగువుగా కొడతాడు. ఉన్నికి ఒక విచిత్రమైన గుణం ఉన్నది. ఉన్నిపోగు పైన చేప పొలుసుల లాంటి సన్నని పొలుసులు ఉంటాయి. ఉన్నిబట్టను తడిపి తొక్కినట్టయితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట దగ్గరకు లాక్కుపోతుంది. అప్పుడు అది ఇంకా దళసరి అవుతుంది. మీ అమ్మగారు స్వెట్టరును వేడినీళ్ళలో ఉతికి, అది చిన్నదయిపోయిందని బాధపడితే కారణం ఇదే!

ఇక్కడ మీలో ఒకరికి సందేహం రావాలి. మన ఇళ్ళలో అవ్వలు పాతచీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడతారు కదా, చలికి అది సరిపోదా? సరిపోతుంది. చలిదేశాల వాళ్ళు ఉన్నితోనే బొంతలు కుట్టుకున్నారు. 18వ శతాబ్దంలో అమెరికాలోని న్యూ ఇంగ్లండు ప్రాంతపు స్త్రీలు పైన నున్నగా మెరిసే ఉన్నిబట్ట, అడుగున ముతకబట్ట, నడుమ ఏకిన ఉన్ని పెట్టి, మూడూ కలిసిపోయేట్టు పూలూ ఈకలూ తీగలూ కుట్టారు. అలాంటివి ఇప్పుడు అక్కడి మ్యూజియాలలో భద్రంగా ఉన్నాయి. కాని ఆ బొంత మంచం మీద ఉండవలసిందే. వానలో దాన్ని కప్పుకుని గొర్రెల వెంట పోతే ఏమవుతుంది? నీళ్ళు పీల్చి మోయలేనంత బరువెక్కుతుంది. గొంగడి ఒంటిపొర బట్ట. అది ఇంట్లో మనిషి కోసం చేసినది కాదు, దారిలో మనిషి కోసం చేసినది.

ఇందులో ఉన్న శాస్త్రం కొంచెం చెబుతాను. ఉన్నిపోగుపై ఉన్న జిడ్డూ పొలుసులూ నీటిబొట్టును లోపలికి పోనివ్వవు. చినుకు పడితే ముత్యంలాగా నిలిచి జారిపోతుంది. కాని గాలిలోని తేమను మాత్రం ఉన్ని లోపలికి పీల్చుకుంటుంది. తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చినా ముట్టుకుంటే తడిగా ఉన్నట్టు తెలియదు. పైగా అలా పీల్చేటప్పుడు కొద్దిగా వేడి పుడుతుంది. ఇక పోగుల మధ్య చిక్కుకున్న గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఇది నిజమో కాదో మీరే చూడవచ్చు. రెండు ఒకే రకం గ్లాసులలో సమానంగా వేడినీళ్ళు పొయ్యండి. ఒకదానికి నూలుబట్ట, ఇంకొకదానికి అంతే దళసరి ఉన్నిబట్ట చుట్టండి. రెండు బట్టలనూ ముందుగా కొంచెం తడిపితే తేడా మరీ బాగా తెలుస్తుంది. అరగంట తరువాత వేలు పెట్టి చూడండి. (వేడినీళ్ళు మాత్రం పెద్దవాళ్ళ చేతనే పోయించండి.)

గొంగడి చేసే పనులు లెక్కపెట్టటం కష్టం. ఎండలో నెత్తిన పెట్టుకుంటే గొడుగు. వానలో ఒక కొస మడిచి నెత్తికి తగిలించుకుంటే కొప్పెర; వీపూ మోకాళ్ళూ కూడా తడవవు. రాత్రి రైతుల చేలల్లో మందను నిలిపితే, ఎరువు కోసం రైతులు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తారు. ఆ చేలో కాపరికి పడకా దుప్పటీ అదే. దారిలో పుట్టిన పిల్లగొర్రెకు ఉయ్యాల. పెండ్లికి పీట. పంచాయతీకి కూర్చున్న పెద్దలకు జంపఖానా. పాములూ తేళ్ళూ దాని గరుకుకు దగ్గరకు రావని కాపరులు నమ్ముతారు. పాటల గద్దర్ సభలలో పాడేటప్పుడు భుజాన వేసుకున్నది కూడా గొంగడే. ఏ పనీ ముందుకు సాగకపోతే “ఎక్కడ వేసిన గొంగడి అక్కడే” అంటారు. సామెత చెప్పినవాడికి గొంగడి సంగతి సరిగ్గా తెలియదని నా అనుమానం. ఇంతగా ఊళ్ళు తిరిగిన బట్ట మరొకటి లేదు!

“తాతా, మీ మగ్గం చూపిస్తారా?” అని అడిగాను.

తాత నవ్వి పెరటి కొట్టం వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఒక బర్రె నెమరు వేస్తూ నిలుచున్నది. “దాని కాళ్ళ కిందనే ఉన్నది సారూ. గుంట పూడ్చిన.”

“నేసేవాళ్ళు లేకపోయారా?”

“నేసెటోడు లేక గాదు, బొచ్చు లేక. నాకిప్పుడు గూడ చేతులు మర్సిపోలే.”

పిల్లలూ, చేతిపనులు పోవటానికి మరమగ్గాలు కారణమని మీరు పుస్తకాలలో చదివి ఉంటారు. పానిపట్టులో పాత ఉన్నిబట్టలు చింపి మళ్ళీ దారం తీసి నేసే చవక కంబళ్ళు వచ్చి గొంగడిని దెబ్బకొట్టిన మాట నిజమే. కాని తాత చెప్పిన కారణం నేను ఊహించనిది. గొర్రె రంగు మారింది! మాంసానికి ధర పెరిగినకొద్దీ, కాపరులు త్వరగా పెరిగే నెల్లూరు రకం గొర్రెలను పెంచసాగారు. అవి పొడుగ్గా, బలంగా ఉంటాయి. వాటి ఒంటిన ఉండేది పొట్టి వెంట్రుక, ఉన్ని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు నూటికి డెబ్బయి అయిదు వంతుల రాయితీ మీద ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ చొప్పున ఇచ్చింది. వాటిని బయటి రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. అలా వచ్చినవాటిలోనూ ఉన్ని లేనివి చాలా ఉన్నాయి. కాపరులను తప్పుపట్టలేము. నల్లగొర్రె బొచ్చు అమ్మితే కత్తిరించినవాడి కూలి కూడా రాని రోజులు వచ్చాయి. చాలాచోట్ల కత్తిరించిన బొచ్చును గుంటలో పోసి పూడుస్తున్నారు. హైదరాబాదులో కొందరు యువకులు గొంగడి బట్టతో బూట్లు కుట్టి అమ్ముతున్నారు. అలాంటివి ఎన్ని జతలు అమ్ముడుపోతే ఒక మంద నిలుస్తుందో మరి!

ఇంతలో అవ్వ తాత గొంగడిని నేల మీద పరిచింది. నడుమ అరచెయ్యంత చిరుగు ఉన్నది. ఎలుక కొరికిందట. అవ్వ పక్కన మరొక గొంగడి ముక్క పెట్టుకుని, దాని దారాలు ఒక్కొక్కటీ ఊడదీసి ఉండ చుడుతున్నది. ఒక గొంగడి బతకటానికి ఇంకొక గొంగడిని విప్పుతున్నారన్నమాట.

“పట్నం నుంచి ఒకాయన వచ్చిండు,” అన్నాడు తాత. “పాత గొంగళ్ళు కొంటరంట. నా కొడుకు అమ్మేద్దమన్నడు. పైసలు గూడ మంచిగనే చెప్పిండు. కొని ఏం జేస్తరయ్యా అంటే, గోడకు తగిలిస్తరంట. గోడకు చలి పెడ్తదా, సారూ?”

కొడుకు హైదరాబాదులో కట్టడాల మీద కూలికి పోతాడు. తాత ఆ డబ్బు వద్దనలేదు, సరేననీ అనలేదు. చిరుగు మాపిన తరువాత చూద్దామన్నాడట. అవ్వ మాపటం మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు.

అప్పుడు పిల్లవాడు లోపలికి పరుగెత్తి తన బడిసంచీ తెచ్చాడు. అందులో పుస్తకాల పక్కన ఒక ప్లాస్టిక్ కవరు. కవరులో గుప్పెడు నల్లబొచ్చు! పోయిన నెల మక్తల్ వైపు నుంచి ఒక నల్లమంద ఆ దారిన పోయిందట. గొర్రెలు చేల పక్కన తుమ్మకంపకు ఒరుసుకుంటూ పోతే ముళ్ళకు బొచ్చు తగులుకున్నది. బడి నుంచి వస్తూ వాడు కంప పొడుగునా నడిచి, వేళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటున్నా ఏరుకుని తెచ్చాడు. అవ్వ అందులో పుల్లలు తీసేసి, వేళ్ళతోనే విడదీసి, మూలనున్న కదురు తీసి తిప్పింది. నల్లని దారం సాగుతూ సాగుతూ నేలకు దిగింది. వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేనూ అంతే.

“సాల్తదా, అవ్వా?” అన్నాడు పిల్లవాడు.

అవ్వ దారాన్ని చిరుగు మీద పెట్టి చూసి, “సగానికొస్తది బిడ్డా. ఇంకొక మంద పోవాలె,” అన్నది.

బయలుదేరేసరికి సన్నగా తుంపర మొదలయింది. బస్సు ఆగేచోటు ఊరి చివర. తాత ఆ గొంగడినే మడిచి కొప్పెర చేసి నా నెత్తిన పెట్టాడు. దాన్ని వెనక్కు తీసుకుపోవటానికి పిల్లవాణ్ణి వెంట పంపాడు. చినుకులు నల్లటి ఉన్ని మీద గుండ్రంగా నిలిచి జారిపోతున్నాయి. చిరుగు ఉన్నచోట మాత్రం నా భుజం తడిసింది. బస్సు రాగానే గొంగడి తీసి వాడికి ఇచ్చాను. వాడది కప్పుకుంటే పాదాలు కూడా కనిపించలేదు.

“సారూ, నాగర్‌కర్నూలు తొవ్వల నల్లగొర్లు కనబడితే మా సారుకు ఫోన్ జెయ్యి. యాడ కనబడ్డయో చెప్పు,” అని అరిచాడు.

చేస్తానన్నాను. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా చూస్తూనే ఉన్నాను. నాగర్‌కర్నూలు చేరేలోగా మూడు మందలు కనిపించాయి. మూడూ తెల్లవే.